కడిగి పెట్టని గంటె

ఇంటివాళ్ళు శాంతకుమారీ ఇంద్రసేనయ్యా మంత్రాలయం పోయిన గురువారం నాడు వంటమనిషి భాగ్యకు నిజానికి పని సగమే. రాత్రికి చారు పెట్టి, జొన్నరొట్టెలు కొట్టి మూత పెట్టేస్తే ఎమ్మిగనూరు బస్సెక్కి ఇంటికి పోయేయొచ్చు. చివరి రొట్టె పెనం మీద పొంగుతుండగా మేడ మీంచి పిలుపొచ్చింది.

“భాగ్యక్కా, ఒక్కసారి పైకి రా.”

సుమంత్ గొంతు. ఆ ఇంటికి ఒక్కగానొక్క కొడుకు. పొద్దున ఆదోని మార్కెట్లో తండ్రి పత్తి దుకాణానికి పోతాడు, సాయంత్రం జిమ్ముకు పోతాడు. రెండింట్లో దేని మీద మనసుందో అతని భుజాలు చూసినవాళ్ళెవరైనా చెప్పగలరు. భాగ్య రొట్టె దించి, పొయ్యి ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ మెట్లెక్కింది.

మేడ గదిలో ఫ్యాను గిరగిరా తిరుగుతున్నా సుమంత్ బనీను చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. బల్ల మీద రెండు గిన్నెలు పట్టే కరెంటు పొయ్యి, ఒక నల్ల పెనం, ఒక గిన్నె. అవి ఎప్పుడూ ఉండేవే. పాలు కాచుకుంటాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఈరోజు వాటి పక్కన ఒక రంగుల పొట్లం, ఒక ప్లాస్టిక్ సంచి కొత్తగా కనిపించాయి. సంచి అడుగున పలచని ఎర్రనీళ్ళు చేరి ఉన్నాయి.

భాగ్య గడప దగ్గరే ఆగిపోయింది.

“ఏందప్పా అది?”

“చికెన్. ఎముకల్లేకుండా కొట్టించినా. భయపడొద్దక్కా, అది నిన్ను కరవదు.”

తన మాటకు తనే నవ్వుకున్నాడు. భాగ్యకు నవ్వు రాలేదు. ఆమె పుట్టింట్లో గాని మెట్టినింట్లో గాని కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి వచ్చింది లేదు. మగ్గం మీద బతికే ఇల్లు. అత్త మద్దమ్మ మెడలో లింగాన్ని కళ్ళకద్దుకోందే గుక్కెడు నీళ్ళు తాగదు. ఈ ఇంట్లో వంటకు కుదిరింది కూడా ఆ పుణ్యానే. మొదటి రోజు శాంతకుమారి అడిగింది వంట వచ్చా అని కాదు, “మీరు తింటారా?” అని. ఏమి తింటారో చెప్పకపోయినా ఆ ప్రశ్న ఎవరికైనా అర్థమవుతుంది. తినమని భాగ్య చెప్పాకే ఆమెకు వంటింటి గడప తెరుచుకుంది.

“మా సుధాకరన్న చెప్పినాడక్కా, జిమ్ములో నేర్పిస్తాడే, ఆయన. కసరత్తు అయిన వెంటనే ఇది తినల్లంట, లేకపోతే ఎంత బరువు ఎత్తినా కండ పట్టదంట. చికెన్, పాస్తా. మసాలా లేదు, కాబట్టి వాసన గూడా రాదు. చిటికెలో అయిపోతాది.”

“హోటల్లో తినొచ్చు గదప్పా.”

“బయటంతా నూనె. పైగా మార్కెట్టోళ్ళు ఎవరో ఒకరు చూస్తారు, నాయన పరువు పోతాది. అది నీకు బాగుంటాదా?”

పరువూ తనది కాదు, కోడీ తనది కాదు. అయినా రెండూ వచ్చి తన నెత్తినే ఎట్లా కూర్చున్నాయో భాగ్యకు అర్థం కాలేదు.

“నాకు రాదప్పా. ఎప్పుడూ ముట్టిందాన్ని కాదు.”

“నువ్వు ముట్టనే వద్దు. కోసేది నేను, వేయించేది నేను. నువ్వు ఈ పాస్తా ఉడకబెట్టు చాలు. అది గోధుమపిండే.”

కాదంటే ఏమవుతుందో అతను చెప్పలేదు. చెప్పకపోవడం వల్లనే భాగ్య దాన్ని నాలుగు రకాలుగా ఊహించుకుంది. నాలుగు రకాల్లోనూ చివరికి ఆమె పనే పోయింది. గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది.

పొట్లం విప్పితే అన్నీ గొట్టాలు, మగ్గానికి నూలు చుట్టే కండెల మాదిరి. మద్దమ్మ చేతికిస్తే రాట్నం ముందేసుకుని కూర్చుంటుందేమో అనిపించి, అంత భయంలోనూ పెదవి కొంచెం కదిలింది. నీళ్ళు మరిగాక ఉప్పు వేసి గొట్టాలు పోసింది.

సుమంత్ కత్తి పట్టుకున్నాడు గాని అతని చేతులు వణుకుతున్నాయి. ఆరోజు బరువులు మరీ ఎక్కువ ఎత్తాడట. ముక్క ఒక పక్కకు జారితే కత్తి ఇంకో పక్కకు జారింది. రెండోసారి వేలి మీదికే వచ్చింది. భాగ్య కిటికీలోంచి వీధి గేటు వైపు చూసింది. మంత్రాలయం పోయిన కారు ఏ క్షణాన వచ్చి ఆగుతుందో తెలియదు. ఇతను ఇట్లాగే కోస్తుంటే తెల్లారిపోయేట్టుంది. త్వరగా అయితే త్వరగా బయటపడొచ్చు. ఆ ఒక్క ఆలోచనే ఆమె చేత కత్తి పట్టించింది.

ఎడమచేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ముక్కను అదిమిపట్టింది. కవరు లోంచి కూడా చల్లగా తగిలింది. నీచు వాసన కొడుతుందని ఊపిరి బిగబట్టింది గాని, ఎంతసేపని బిగబడుతుంది. వదిలి పీల్చితే వాసనేమీ పెద్దగా లేదు. అదీ ఆమెకు భయంగానే తోచింది. కళ్ళు సగం మూసుకుని సన్నగా కోసిపెట్టింది. సుమంత్ పెనంలో వెన్న వేసి, వెల్లుల్లి వేసి, ముక్కలు పోశాడు.

“గులాబీ రంగు పోయేదాకా వేయించల్లంట,” అన్నాడు ఫోను చూస్తూ. “పోయిందంటావా?”

“నాకేం తెలుసప్పా.”

వంకాయైతే గిల్లి చూసేది. పప్పయితే వేలితో మెదిపి చూసేది. ఆ ఇంట్లో దేవుడికి పెట్టకముందు ఏదీ రుచి చూడకూడదు కాబట్టి ఉప్పూ పులుపూ కంటితోనే తూచడం ఆమెకు అలవాటు. దీని ముందు మాత్రం ఆ కన్ను పనిచేయడం లేదు. పచ్చిగా ఉండిపోతే పిల్లగాడికి ఏమన్నా అవుతుందేమో. ఏమన్నా అయితే ఎవరు వండారంటారో ఆమెకు తెలుసు. ఇంకొంచెం వేగనీ, ఇంకొంచెం వేగనీ అని ఆపుతూ వచ్చింది.

“గొట్టాలు ఉడికినాయి. నీళ్ళెట్ల వంచేది?”

“కింది నుంచి ఏమన్నా తే.”

భాగ్య వంటింట్లోకి పోయి చిల్లుల జల్లి గంటె తెచ్చింది. శాంతకుమారి పుట్టింటి ఇత్తడిది. నైవేద్యానికి చేసే బూరెలకూ వడలకూ అదే. గోధుమపిండి గొట్టాలకు వాడితే తప్పేముంది అనుకుంది. నీళ్ళోడ్చి గొట్టాలను పళ్ళెంలోకి తీసింది. ఆమె గిన్నె దించే లోపల సుమంత్ ఆ గంటె అందుకుని పెనంలో ముక్కల్ని అటూ ఇటూ తిప్పేశాడు.

భాగ్య చేయి అడ్డం పెట్టబోయింది.

“అప్పా, అది దేవుని గంటె.”

“కడిగితే పోతాదిలే.”

పాలు పోసి, మిరియాల పొడి చల్లి, గొట్టాలు కలిపాడు. అప్పుడే కింద గేటు కిర్రుమంది. ఇద్దరూ ఉన్నచోటే బిగుసుకుపోయారు. “పాలమ్మా” అని పాలు పోసే ఏసన్న కేక వినిపించాక గాని ఊపిరి తీసుకోలేదు. భాగ్య కిందికి దిగి పాలు పోయించుకుంది. ఏసన్న తన చేతుల వైపే చూస్తున్నాడనిపించి చెంబును దూరంగా చాచి పట్టుకుంది. అతను చూస్తున్నది తన కొలతపాత్రను.

ఆమె పైకి వచ్చేసరికి సుమంత్ సగం తినేశాడు. “బాగుందక్కా. ఉప్పు కరెక్టుగా పడింది,” అన్నాడు. మెప్పుకోలు విని ఒళ్ళు జలదరించడం భాగ్యకు అదే మొదటిసారి.

మిగిలిన ముక్కలు, పొట్లం, కవరు అన్నీ సంచిలో కుక్కి ఆమె చేతికిచ్చాడు. “ఇది బయట పారేయి. పెనం నేను కడుక్కుంటా. గంటె కడిగి కింద పెట్టేయి.”

మిద్దె మీది కొళాయి కింద కూర్చుని భాగ్య గంటెను చింతపండుతో తోమింది, బూడిదతో తోమింది, మళ్ళీ చింతపండుతో తోమింది. ఇత్తడి బంగారంలా మెరిసింది. దాన్ని పట్టుకుని వంటింటి గడప దాకా పోయింది. లోపల రేపటి శుక్రవారం పూజకు నానేసిన మినప్పప్పు, పసుపు రాసిన పళ్ళెం కనిపించాయి. కాలు లోపల పడలేదు. ఇట్లాంటివి అంటిన లోహాన్ని నిప్పుల మీద ఎర్రగా కాలిస్తే గాని మైల పోదని మద్దమ్మ చెప్పేది. కాల్చాలంటే పొయ్యి వెలిగించాలి. అంతలోనే కారు చప్పుడైంది. భాగ్య పరుగున మేడెక్కి గంటెకు పాత పేపరు చుట్టి నీళ్ళట్యాంకు కింద దాచేసింది. పొద్దున్నే వచ్చి కాల్చి పెడదాం అనుకుంది. కడిగిన గంటెను ఉన్నచోట పెట్టేసి ఉంటే ఈ కథే లేదు.

గేటు దగ్గర శాంతకుమారి ఎదురుపడింది, నుదుటి మీద అక్షింతలతో.

“కొంగు చాటున ఏమే అది?”

“సెత్తమ్మా. పారేసి పోతా.”

మలుపు తిరిగేదాకా శాంతకుమారి చూపు వీపు మీద ఉన్నట్టే అనిపించింది భాగ్యకు. కారులో కూర్చున్న ఇంద్రసేనయ్య కూడా చూశాడు. వీధిలో పారేద్దామంటే ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు. సంచితోనే బస్సెక్కి, సీటు కింద వదిలి ఎమ్మిగనూరులో దిగిపోయింది. పది అడుగులు వేసేసరికి వెనక నుంచి ఒక ముసలాయన ఆయాసపడుతూ వచ్చాడు.

“అమ్మా, సంచి మర్సిపోయినావు. జాగ్రత్త తల్లీ, దినాలు బాగలేవు.”

ఆయనకు దండం పెట్టి సంచి తీసుకుంది. బస్టాండు వెనక గోడవతల పడేస్తే కుక్కలు ఎగబడ్డాయి. వాటిలో ఒకటి తోకాడిస్తూ ఆమె వెంట వీధి చివరి దాకా వచ్చింది. రాయి చూపించినా పోలేదు.

ఇంటికి పోతూనే బావి దగ్గర తల మీదుగా నీళ్ళు పోసుకుంది. కండెలు చుడుతున్న మద్దమ్మ తలెత్తింది.

“ఈపొద్దు తలస్నానం ఏంటికే?”

“దావలో పీనిగ ఎదురొచ్చినాదత్తా.”

“అయ్యో. ఎవురు పోయినారో పాపం.”

మద్దమ్మ చేతిపని ఆపి, ఎవరో తెలియని ఆ పోయినవాళ్ళ కోసం లింగాన్ని కళ్ళకద్దుకుంది. భాగ్యకు ఏడుపొచ్చింది.

శుక్రవారం మొదటి బస్సుకే వచ్చింది. వంటింట్లో ఎవరూ ఉండరని ఆశ. శాంతకుమారి అప్పటికే తలారబోసుకుని, నూనె బాణలి పొయ్యి మీద పెట్టి కూర్చుంది.

“బో మంచి పని చేసినావు బిరీన వచ్చి. జల్లి గంటె తీ.”

భాగ్య గూట్లో వెదికింది. లేదని తెలిసిన చోట వెదకడం ఎంత కష్టమో, చేసినవాళ్ళకే తెలుస్తుంది. గిన్నెలు కదిపింది, డబ్బాల వెనక చూసింది, తోమే తొట్టి దగ్గరికి పోయి వచ్చింది. నూనె కాగి పొగలొస్తున్నాయి.

“కనపడలేదమ్మా.”

“కనపడకుండా యాడికి పోతాది? నిన్న మేం పోయేటప్పుడు ఉండె.”

శాంతకుమారి వడల్ని మామూలు గంటెతో తీసింది. నూనె వంపబోతే రెండు వడలు చితికాయి. నైవేద్యానికి చితికిన వడలు పెట్టాల్సి వచ్చిందని ఆమె మొహం మాడిపోయింది. అప్పుడే సుమంత్ స్నానం చేసి, దేవుడి గదిలోకి పోయి దండం పెట్టి, బొట్టు పెట్టుకుని వచ్చాడు. తల్లి అతనికి వేడి వడ చేతిలో పెట్టింది. గంటె పోయిందని చెప్పింది. సుమంత్ వడ నమిలాడు.

“దొరుకుతాదిలేమ్మా,” అని చెప్పులేసుకున్నాడు.

భాగ్య అతని వైపే చూస్తోంది. ఒక్కసారి, ఒక్క చూపు ఇటు తిప్పుతాడేమోనని చూసింది. బండి స్టార్టు చేసుకుని పోయాడు. తిన్నవాడు దేవుడి గదిలోకి పోయి వచ్చాడు. వండిన తను నిన్నటి నుంచి వంటింట్లో ఊపిరి కూడా లెక్కపెట్టుకుంటూ తీసుకుంటోంది. దేవుడు ఎవరిని చూసి కోపగించుకోవాలో ఆయనకైనా తెలుసో లేదో అనుకుంది.

శాంతకుమారి ఆరోజంతా వంటింట్లోంచి కదలలేదు. గంటె తెచ్చి పొయ్యి మీద కాల్చడానికి సందు దొరకలేదు. ఇంటికి తీసుకుపోయి కాలుద్దామంటే, గేటు దగ్గర పట్టుబడితే దొంగతనమే. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన ఇంద్రసేనయ్య చితికిన వడ సంగతి విని, చేయి కడుక్కుంటూ నెమ్మదిగా అన్నాడు.

“ఇత్తడి గదా. పాతదైనా మంచి రేటు పలుకుతాది.” తువ్వాలుకు చేయి తుడుచుకుని, “నిన్న ఆ యమ్మ కొంగు చాటున ఏదో తీసుకుపోతాండె, చూసినావు గదా,” అన్నాడు.

భాగ్య వంటింట్లోనే ఉంది. వినాలనే అన్నారో, వినదనుకునే అన్నారో తెలియదు. గిన్నె నిండి మజ్జిగ పొర్లేదాకా పోస్తూనే ఉంది. నిన్నటి నుంచి ఆమె పని పోతుందేమోనని భయపడింది. పనితో పాటు పేరు కూడా పోతుందని అప్పుడు తెలిసింది. ఆదోనిలో పుట్టిన మాట ఎమ్మిగనూరుకు బస్సు కన్నా ముందు చేరుతుంది. దొంగకోడలని ఒకసారి పేరొస్తే ఆమెను ఇంక ఏ ఇంటి వంటింట్లోకీ రానివ్వరు.

సాయంత్రం శాంతకుమారి సూటిగానే చెప్పింది. “రేపటికి గంటె ఈడుండల్ల. లేదంటే నువ్వు రావొద్దు.”

భాగ్య మెట్ల కింద కాచుకుని ఉండి, జిమ్ము నుంచి వచ్చిన సుమంత్‌ను ఆపింది.

“మీ అమ్మకు ఒక్క మాట సెప్పప్పా. నన్ను దొంగ అంటాండారు.”

“కడిగి పెట్టేయమన్నా గదక్కా. ఎవరు దాచమన్నారు నిన్ను? నువ్వే చేతులారా పెద్దది చేసుకుంటివి.” గొంతు తగ్గించాడు. “నాయనకు తెలిస్తే ఏమవుతాదో నీకు తెలీదు. చూస్తాలే, ఆదివారం చెప్తా.”

ఆదివారానికి తను ఈ ఇంట్లో ఉండదని అతనికీ తెలుసు.

ఆ రాత్రి భాగ్య అత్త పక్కన కూర్చుని కండెలు చుట్టింది. అత్తకు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది.

శనివారం పొద్దున ఇంద్రసేనయ్య స్నానానికి పోయిన సమయం చూసుకుని ట్యాంకు కింద నుంచి పేపరు చుట్టిన గంటె తెచ్చి, వంటింటి గడప ఇవతల నేల మీద పెట్టింది. తనూ ఇవతలే నిలబడింది. గోడకు చేయి ఆనించి, గురువారం నాటి సంగతి మొత్తం చెప్పింది. సంచి సంగతి, కత్తి సంగతి, సుమంత్ గంటె పెనంలో పెట్టిన సంగతి. ఏ ఒక్కటీ దాచలేదు.

శాంతకుమారి కేకలేస్తుందనుకుంది. ఆమె లేచి వచ్చి ముందుగా హాలు తలుపు దగ్గరికి వేసింది.

“ఇంకెవరికన్నా చెప్పినావా?”

“లేదమ్మా.”

“పిచ్చిదానివి. కడిగి గూట్లో పెట్టేసుంటే అయిపోయేది గదే. నీకన్న ముందు వండిన హనుమక్క అట్లనే పెట్టేది. ఎన్నిసార్లు పెట్టిందో లెక్కే లేదు.”

భాగ్యకు ఒక్క క్షణం ఆ మాట బుర్రకెక్కలేదు. “మీకు తెలుసామ్మా?”

“తల్లిని, నాకు తెలీదా? వాసన రాదంటాడు వాడు. నాకు ముక్కు లేదా?” శాంతకుమారి వంగి గంటె తీసుకుని, పేపరు విప్పి, కొళాయి కింద ఒకసారి తిప్పి గూట్లో పెట్టేసింది. అంతే. నిప్పూ లేదు, బూడిదా లేదు. “ఆయనకు తెలీకుంటే చాలు.”

ఆ గూట్లోని గిన్నెల్లోనే భాగ్య ఇన్నాళ్ళూ మధ్యాహ్నాలు అన్నం తిన్నది. మీరు తింటారా అని అడిగిన నోరు అదే గదా అని శాంతకుమారి మొహంలోకి చూసింది.

శాంతకుమారి గొంతు మెత్తబరిచింది. “నీ పని యాడికీ పోదు. ఆయనొస్తాడు. గంటె నువ్వే తీసినావని, తప్పయిందని ఒక్క మాట చెప్పేయి. నేను పక్కనుంటా. ఆయన దొంగతనమైతే క్షమిస్తాడే, పెద్ద మనసు. ఇదైతే కొడుకని గూడా చూడడు.”

“నేను దొంగతనం సేయలేదు గదమ్మా.”

“చేసినావని ఎవరన్నారు? చెప్పమంటాండానంతే. ఈ గోడలు దాటదు.”

గోడలు దాటదట. నిన్న మజ్జిగ పోస్తుండగా ఆ గోడలు ఎంత పలచనో ఆమె విన్నది. భాగ్య ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోవడాన్ని శాంతకుమారి ఒప్పుకోలుగానే తీసుకుంది. అలవాటు ప్రకారం.

ఇంద్రసేనయ్య విభూతి పెట్టుకుని వచ్చి హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. సుమంత్ దుకాణం తాళాలు వేలికి తిప్పుకుంటూ మెట్లు దిగాడు. తల్లి అతని వైపు చూసి, ఏమీ కాలేదన్నట్టు కళ్ళతోనే చెప్పింది. అతను నింపాదిగా గుమ్మానికి ఆనుకున్నాడు.

“గంటె దొరికింది,” అంది శాంతకుమారి. “భాగ్య మీతో ఏదో చెప్పుకుంటాదంట.”

ఇంద్రసేనయ్య మొహంలో కోపం లేదు. నిజంగానే జాలి ఉంది. “ఏమమ్మా, ఇంట్లో కష్టముంటే అడగొచ్చు గదా. మేం కాదంటామా? పోనీలే. మనిషన్నాక బుద్ధి ఒకసారి గడ్డి తింటాది. తప్పయిందని చెప్పు, పోయి పని చూసుకో.”

అంతకన్నా మర్యాదగా ఎవరూ భాగ్యను దొంగ అనలేరు. తప్పయింది అనే మాట నోటి దాకా వచ్చి ఉంది. అది అనేస్తే చాలు, రేపు మళ్ళీ ఈ ఇంట్లోనే పప్పు కడగొచ్చు. ఎవరో తెలియని పీనుగ కోసం లింగాన్ని కళ్ళకద్దుకున్న అత్త గుర్తొచ్చింది. ఆమెకు ఇంకో అబద్ధం చెప్పి నెగ్గుకురాగలదా అని తనను తాను ప్రశ్నించుకుంది.

“నేను తీయలేదయ్యా,” అంది. “మిద్దె మీద నీళ్ళట్యాంకు కింద దాచినా. ఎందుకు దాచల్సి వచ్చిందో సుమంతప్ప సెప్తాడు.”

శాంతకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుమంత్ వేలి మీద తిరుగుతున్న తాళాలు ఆగిపోయాయి.

ఇంద్రసేనయ్య నెమ్మదిగా కొడుకు వైపు తిరిగాడు. “ఏమిరా?”

సుమంత్ తల్లి వైపు చూశాడు. తర్వాత భాగ్య వైపు చూశాడు, శుక్రవారం పొద్దున ఆమె ఎదురుచూసిన చూపు అది. అతను చెప్పినా చెప్పకపోయినా తన పని పోయినట్టేనని భాగ్యకు తెలుసు. అయినా బస్సుకు పోదామని కదల్లేదు.

“చెప్పు,” అన్నాడు ఇంద్రసేనయ్య.

అతను చెప్పేదాకా భాగ్య అక్కడే నిలబడింది.